ఆపరేషన్ థియేటర్ పని నేర్చుకుంటానన్న మేనకోడలికి

చిట్టితల్లీ,

ప్లస్ టూ సైన్సు అయిపోయిందనీ, నర్సింగులో చేరాలా ఓటీ (ఆపరేషన్ థియేటర్) టెక్నాలజీలో చేరాలా తేల్చుకోలేకపోతున్నావనీ నిన్న రాత్రి అన్నయ్య గుణుపురం నుంచి ఫోన్ చేశాడు. బరంపురంలో ముప్పై ఏళ్లు థియేటర్ పని చేసినదాన్ని. నీకు ఫోన్లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోవడం నాకు నచ్చలేదు. అందుకే రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

ముందు చదువు సంగతి. 2021లో కేంద్రం అనుబంధ ఆరోగ్య వృత్తులకు ఒక చట్టం తెచ్చింది. ఓటీ టెక్నాలజిస్టులు, అనస్థీషియా టెక్నీషియన్లు కూడా దాని కిందికే వస్తారు. డిప్లొమా అయినా డిగ్రీ అయినా రెండు నుంచి నాలుగేళ్లు సాగాలి, మొత్తం రెండు వేల గంటలకు తగ్గకూడదు. కాబట్టి ఆరు నెలల్లో సర్టిఫికెట్ ఇస్తామనే చోట గుమ్మం కూడా ఎక్కకు. మా రోజుల్లో నేను అలాంటి చోటే ఫీజు కట్టాను. బట్టల కొట్టు మీద రెండు గదులు, గోడకి పటాలు, అద్దాల బీరువాలో తుప్పు పట్టిన కత్తెరలు. ఏడాది పొడుగునా ఒక్క ఆపరేషనూ చూపించలేదు. మా నాన్న పొలం తాకట్టు పెట్టి ఇచ్చిన డబ్బమ్మా అది. ఇప్పటికీ తలుచుకుంటే కడుపు మండుతుంది.

కాలేజీకి వెళ్లినప్పుడు భవనం చూడకు, ఆసుపత్రి చూడు. పిల్లలు ఏ నెల నుంచి థియేటర్లోకి వెళ్తారు, రోజుకు ఎన్ని కేసులు నడుస్తాయి, చేతులు కడుక్కుని టేబుల్ దగ్గర నిలబడనిస్తారా, గోడవారగా నిలబెట్టి పంపేస్తారా అని అడుగు. మనకి బరంపురంలో ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ, కొరాపుట్‌లో లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ, అటు విశాఖలో కింగ్ జార్జ్ ఆసుపత్రి ఉన్నాయి. అలాంటి పెద్దాసుపత్రుల్లో తిరిగితేనే చెయ్యి తిరుగుతుంది. విశాఖ వైపు చూస్తే మాత్రం స్థానికత సంగతి ముందే కనుక్కో. ఒడిశాలో చదివినవాళ్లం, ఇంట్లో తెలుగు మాట్లాడతాం కదా అంటే అక్కడ సీటివ్వరు.

ఇక పని. డాక్టరుగారికి కత్తెరలు అందించే పని అని మీ అమ్మ అనుకుంటోంది. అందించడం నెల రోజుల్లో వస్తుంది. ఏది శుద్ధిగా ఉంది, ఏది చెడింది అని క్షణక్షణం కనిపెట్టుకుని ఉండడమే అసలు పని. సామానుని ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్‌లోంచి మూట వస్తుంది. పైన టేపు మీద గీతలు నల్లబడి ఉంటాయి. ఆ గీతలు వేడి తగిలిందని చెబుతాయి, అంతే. లోపలి సామాను శుద్ధి అయిందని చెప్పవు. శుద్ధి అయిందో లేదో చూపడానికి లోపల పెట్టిన ఇండికేటర్ రంగు చూడాలి, మూట తడిగా ఉంటే వెనక్కి పంపాలి. గౌను వేసుకున్నాక ముందువైపు ఛాతీ నుంచి టేబుల్ ఎత్తు దాకానే శుద్ధం. నీ వీపు శుద్ధం కాదు. చేతులు నడుం కిందికి వాలకూడదు. గాజులు, ఉంగరాలు ఇంట్లోనే వదిలెయ్యాలి, పండగ రోజైనా సరే.

నేను చేసిన ఒక తప్పు నీకు చెప్పాలి. పనిలో చేరిన తొలి రోజుల్లో, హెర్నియా ఆపరేషన్ మధ్యలో నా గ్లవ్ స్టూలు అంచుకి తగిలింది. ఎవరూ చూడలేదు. సిస్టర్ కోప్పడుతుందని భయపడి నోరు మెదపలేదు. ఆరో రోజున ఆ అబ్బాయి కుట్ల దగ్గర చీము పట్టింది. నా చేతివల్లేనా, వేరే ఏదైనా కారణమా అన్నది ఎవరూ తేల్చలేరు. వార్డులో వాళ్లమ్మ పక్కన కూర్చుని విసురుతుంటే నేను ఆ తలుపు దాటి లోపలికి వెళ్లలేకపోయాను. గ్లవ్ మార్చుకోవడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు తల్లీ.

ఆ తర్వాత మరి ఊరుకోలేదు. ఒక రాత్రి సిజేరియన్. రక్తం అద్దే గుడ్డలు, అంటే మాపులు, ఐదేసి ఉన్న కట్టలు నాలుగు విప్పాం, బోర్డు మీద ఇరవై రాసి ఉంది. పొట్ట మూసే ముందు లెక్కపెడితే పంతొమ్మిదే. మళ్లీ లెక్కపెట్టాను, పంతొమ్మిదే. డాక్టరుగారు అప్పటికి మూడు కేసులు చేసి అలిసిపోయి ఉన్నారు. "కట్టలోనే తక్కువ వచ్చి ఉంటుంది, కుట్టడానికి సూచర్ ఇవ్వు" అన్నారు. నాలుక తడారిపోయింది. అయినా "ఒకటి తక్కువుంది సార్, ఇవ్వను" అన్నాను. బకెట్ తిరగేశాం, నేల వెతికాం. చివరికి ఆయనే చెయ్యి పెట్టి పేగుల వెనక నుంచి తీశారు. రక్తం పీల్చి ముద్దయిపోయి, లోపలి కండ రంగులోనే కలిసిపోయి ఉంది. మాపుకుండే టేపు కొసకి తగిలించాల్సిన పట్టకారు, ఆర్టరీ ఫోర్సెప్స్, ఆ ఒక్కదానికి తగిలించలేదు. మర్నాటి నుంచి ఆయన కుట్లు మొదలుపెట్టే ముందు నావైపు చూసి లెక్క అడిగేవారు.

అందుకే కేసుకి ముందు ఒకసారి, పొట్ట మూసే ముందు ఒకసారి, చర్మం కుట్టే ముందు ఇంకోసారి పైకి వినబడేలా లెక్కపెట్టు. ఇంకొకరు నీతోపాటు చూస్తూ లెక్కపెట్టాలి. మనసులో పెట్టుకున్న లెక్క లెక్క కాదు.

హెపటైటిస్ బి టీకా ఇప్పుడే మొదలుపెట్టు. మూడు డోసులు, ఆరు నెలలు పడుతుంది. ఖాళీ కడుపుతో థియేటర్లోకి వెళ్లకు. కళ్లు తిరుగుతున్నట్టుంటే సిగ్గుపడకుండా చెప్పి, టేబుల్‌కి దూరంగా వెనక్కి జరిగి కింద కూర్చో.

నీకు తెలుగూ ఒడియా రెండూ వచ్చు. అది ఎంత మేలో ఇప్పుడు నీకు తెలియదు. టేబుల్ మీద పడుకోబెట్టాక మనిషి లైట్లకేసి చూస్తూ "డొరొ లాగుచి", భయమేస్తోంది అంటారు. డాక్టర్లు ఇంగ్లీషులో మాట్లాడుకుంటూ ఉంటారు. అప్పుడు వాళ్ల భాషలో "డొరొ నాహిఁ, భయం లేదు, నేను ఇక్కడే ఉన్నాను" అని చెయ్యి పట్టుకుంటే ఊపిరి కుదుటపడడం నీకే తెలుస్తుంది. మీ చుట్టుపక్కల సవర గిరిజనుల ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకి ఒడియా కూడా సరిగా రాదు. నీ సవర స్నేహితురాళ్లని అడిగి నొప్పి, భయం, దాహం, ఊపిరి అనే మాటలైనా నేర్చుకో.

మార్కుల షీటు, నివాస పత్రం పట్టుకుని పూరీ రైలు ఎక్కు. స్టేషన్‌కి నేనొస్తాను. కుట్టేటప్పుడు సూది పట్టుకునే నా పాత నీడిల్ హోల్డర్, ఒక ఆర్టరీ ఫోర్సెప్స్ నీకోసం తీసి ఉంచాను. వాటి పళ్లు కాస్త బిగుసుకున్నాయి. కొబ్బరినూనె మాత్రం రాయకు, జిడ్డు పట్టేస్తుంది. కళ్లు మూసుకుని, చప్పుడు కాకుండా, ముందు కుడిచేత్తో తర్వాత ఎడమచేత్తో తెరిచి మూయడం ఇంట్లోనే మొదలుపెడుదువుగాని.

మీ అత్త,
బరంపురం