కారవాన్ ఇంజిన్ మొరాయిస్తోంది, కంపెనీ పలకడం లేదు: ఏం చేయాలి?

సందేహం: ఏడాదిన్నర కిందట నెల్లూరు షోరూంలో 22 లక్షలకు బీఎస్6 డీజిల్ వ్యాను కొన్నాను. కోయంబత్తూరులో మరో 9 లక్షలు పెట్టి పడకలు, వంటగట్టు, ఏసీ బిగించి కారవాన్‌గా మార్పించాను. 11 వేల కిలోమీటర్లకే డీపీఎఫ్ (పొగ గొట్టంలోని మసి ఫిల్టర్) లైటు వెలిగింది, బండి 40 స్పీడు దాటడం మానేసింది. పది నెలల్లో నాలుగుసార్లు వర్క్‌షాపులో పెట్టాను. ప్రతిసారీ ‘రీజెనరేషన్ చేశాం, ఇక రాదు’ అంటారు, నెల తిరక్కుండానే మళ్లీ వస్తుంది. కంపెనీకి మెయిల్ పెడితే టికెట్ నంబరు వస్తుంది తప్ప జవాబు రాదు. ఇప్పుడేమో ‘బాడీ మార్చారు కాబట్టి వారంటీ వర్తించదు’ అంటున్నారు. తెలిసినవాళ్లకు రెండు మూడుసార్లు తిరుపతి వెళ్లడానికి అద్దెకిచ్చాను. కొత్త బండి ఇప్పించుకోవచ్చా? కేసు ఎక్కడ వేయాలి?
– ఒక పాఠకుడు, కావలి

సలహా: ఎక్కడ వేయాలన్నది తేలిక. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం మీరు నివాసమున్న జిల్లాలోనే వేయొచ్చు. కంపెనీ ఉన్న ఊరికో, కోయంబత్తూరుకో తిరగనక్కర్లేదు. బండికీ బాడీకీ కలిపి మీరు కట్టింది 31 లక్షలు. 50 లక్షల వరకు జిల్లా వినియోగదారుల కమిషన్ పరిధే కాబట్టి నెల్లూరులోనే దాఖలు చేయండి. ఫీజు వెయ్యి రూపాయలు. వినియోగదారుల కేసుల కోసం ప్రభుత్వం పెట్టిన ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేసే వీలుంది.

కొత్త బండి మీద మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోకండి. 2006లో మారుతీ ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు, వారంటీ షరతు లోపమున్న భాగాన్ని బాగుచేయడానికో మార్చడానికో పరిమితమైతే మొత్తం బండిని మార్చమనడం కుదరదని చెప్పింది. అక్కడ గొడవ క్లచ్ గురించి. అప్పటి నుంచి కంపెనీల వకీళ్లు మొదట తీసేది ఆ తీర్పునే. ‘తయారీ లోపం, కొత్త బండి ఇవ్వాలి’ అని ఒక్కటే అడిగితే భారమంతా మీ నెత్తిన పడుతుంది. మీ కేసులో అసలు బలం వేరేచోట ఉంది.

డీపీఎఫ్ పొగలోని మసిని పట్టి ఉంచుతుంది. నిండుతున్నప్పుడు ఇంజిన్ అదనంగా డీజిల్ చిమ్మి, ఫిల్టర్‌లో వేడిని దాదాపు 600 డిగ్రీలకు పెంచి ఆ మసిని కాల్చేస్తుంది. అదే రీజెనరేషన్. వర్క్‌షాపులో స్కానర్ పెట్టి బలవంతంగా చేయించేదీ ఇదే. అది పేరుకున్న మసిని పోగొడుతుంది, మసి ఎందుకు పేరుకుందో చెప్పదు. ఇంజెక్టర్ కారుతోందా, పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ ఇరుక్కుందా, టర్బో ఆయిల్ వదులుతోందా, ఫిల్టర్‌కు ఇటూ అటూ ప్రెషర్ చూసే సెన్సర్ పైపు చిట్లిందా అన్నది వెతకాలి. నాలుగుసార్లూ కారణం వెతక్కుండా మసి కాల్చి పంపడం చట్టం దృష్టిలో సేవాలోపం. తయారీ లోపం కంటే దీన్ని రుజువు చేయడం చాలా సులువు, బండి ఇచ్చిన ప్రతిసారీ వర్క్‌షాపు రాసే జాబ్ కార్డులే చెబుతాయి. అందుకే ఫిర్యాదులో రెండూ విడివిడిగా రాయించండి.

నాలుగు జాబ్ కార్డులు, ఇన్‌వాయిసులు, స్కానర్ రిపోర్టులు మెయిల్‌లో అడగండి. రిపోర్టులో పి2463 అనే లోపం కోడ్ ఉంటే మసి పేరుకున్నట్టు, పి2002 ఉంటే ఫిల్టర్ సరిగా పనిచేయనట్టు. ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల దగ్గర ఏ కోడ్ వచ్చిందో కాగితం మీదికి రావాలి. ఈసారి బండి ఇచ్చేటప్పుడు ‘లైటు వెలిగింది’ అని మాత్రమే రాస్తే ఒప్పుకోకండి. ‘అయిదోసారి అదే సమస్య, మూలకారణం చెప్పాలి’ అని రాయించండి. తీసుకునేటప్పుడు ‘తృప్తిగా తీసుకున్నాను’ అన్న గడి కింద ఊరికే సంతకం పెట్టొద్దు. మన దగ్గర బండి చేతికొస్తే చాలని చాలామంది చూడకుండా పెట్టేస్తారు. పైన ‘అభ్యంతరంతో తీసుకుంటున్నాను’ అని చేత్తో రాసి, ఫోటో తీసి, అప్పుడు పెట్టండి. డిప్‌స్టిక్ కూడా చూడండి. రీజెనరేషన్ మధ్యలో ఆగిపోతుంటే డీజిల్ ఇంజిన్ ఆయిల్‌లో కలిసి మట్టం పెరుగుతుంది. గరిష్ఠ గీత దాటి ఉంటే తేదీతో ఫోటో తీసి, జాబ్ కార్డులో ఎక్కించండి.

ఇక బాడీ సంగతి. బరువు పెరిగి ఇంజిన్ మీద భారం పడిందంటారు. హైవే మీద ఏదైనా వేబ్రిడ్జి కాటాలో నీళ్ల ట్యాంకు నింపి, సామానుతో సహా తూకం వేయించి చీటీ దగ్గర పెట్టుకోండి. ఆర్సీలో ఉన్న స్థూల బరువు లోపలే ఉంటే ఆ వాదన నిలవదు. దాటితే మాత్రం మీ వకీలుకు ముందే చెప్పండి. మార్పు ఆర్సీలో ఎక్కిందా అన్నది ఇంకా ముఖ్యం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ఆర్టీవో ఆమోదం లేకపోతే వారంటీతో పాటు ఇన్సూరెన్సుకూ చిక్కే. ఏసీ, ఇన్వర్టర్ వైర్లను బండి అసలు వైరింగ్‌లోకి కలిపారేమో కూడా చూడాలి. కలిపి ఉంటే సెన్సర్ లోపాలన్నీ దాని మీదికే నెట్టేస్తారు. బాడీ కట్టినవాళ్లను మూడో ప్రతివాదిగా చేర్చండి. చేర్చకపోతే షోరూం, కంపెనీ తప్పంతా కోర్టులో లేనివాళ్ల మీద వేస్తాయి.

మీరు చెప్పని విషయం ఒకటుంది. రాత్రిళ్లు పడుకున్నప్పుడు ఏసీ కోసం ఇంజిన్ నడిపిస్తున్నారా? ఐడిల్‌లో, అంటే బండి కదలకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు, పొగ వేడెక్కదు, మసి మాత్రం పేరుకుంటూనే ఉంటుంది. ఇంజిన్ మొత్తం ఎన్ని గంటలు నడిచింది, అందులో ఐడిల్ ఎంత అన్నది చాలా బళ్ల ఈసీయూలో (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌లో) నమోదై ఉంటుంది. కంపెనీ దాన్ని తీసి కమిషన్ ముందు పెట్టకముందే మీరే లెక్క అడిగి తీసుకోండి. గంటలు ఎక్కువున్నా కేసు పోయినట్టు కాదు. కారవాన్‌కు వాడతారని షోరూంకు ముందే తెలుసా, ఐడిల్ గురించి డెలివరీలో చెప్పారా అన్న ప్రశ్న వస్తుంది. అయితే అడిగే మొత్తాన్ని తగ్గించుకోవాల్సి ఉంటుంది.

కల్తీ డీజిల్ అనీ కంపెనీ అనొచ్చు. బంకు బిల్లులు దాచండి. ట్యాంకు నుంచి వాళ్ల ఎదుటే రెండు శాంపిళ్లు తీసి సీలు వేసి, ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.

అద్దె మాట దాచొద్దు. వాణిజ్య అవసరానికి కొన్నవాళ్లు వినియోగదారులు కారని వినియోగదారుల రక్షణ చట్టం 2(7) సెక్షన్ అంటుంది. అయితే ప్రధాన ఉద్దేశం ఏమిటన్నదే చూడాలని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. కుటుంబానికి కొని రెండు మూడుసార్లు ఇవ్వడం వ్యాపారమని తేల్చడం కష్టం. సొంత రిజిస్ట్రేషన్ బండిని అద్దెకివ్వడం పర్మిట్ ఉల్లంఘన కాబట్టి ఇకమీదట మానండి.

ముందు కంపెనీకి, షోరూంకు, బాడీ కట్టినవాళ్లకు 15 రోజుల గడువుతో నోటీసు స్పీడ్ పోస్టులో పంపండి, అందినట్టు రుజువు ఉంచుకోండి. టికెట్ నంబర్లన్నీ తేదీలతో అందులో రాయాలి. ఈలోగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేస్తే కొన్నిసార్లు కంపెనీ నుంచి మనిషి మాట్లాడతాడు. కేసు వేయడానికి గడువు రెండేళ్లు. లైటు మొదటిసారి వెలిగిన రోజు నుంచే లెక్కపెట్టుకోండి, మెయిళ్లు నడుస్తున్నంత మాత్రాన అది ఆగదు.

ఫిర్యాదులో కోరికలు వరసగా పెట్టాలి: మూలకారణం కనిపెట్టి లోపమున్న భాగాలు ఉచితంగా మార్చడం, మార్చిన వాటికి కొత్త వారంటీ, అది కుదరకపోతే వ్యాను ధర వాపసు, వీటితో పాటు బండి ఆగిన రోజులకు, టోయింగుకు, మనోవేదనకు పరిహారం. ప్రొడక్ట్ లయబిలిటీ (వస్తువు లోపం వల్ల జరిగిన హానికి పరిహారం) కింద వేద్దామని ఎవరైనా అంటే వద్దనండి. ఆ అధ్యాయంలో ‘హాని’ అంటే వస్తువుకే జరిగిన నష్టం రాదని 2(22)లో స్పష్టంగా ఉంది.

దాఖలు చేసినప్పుడే 38(2)(సి) సెక్షన్ కింద బండిని పరీక్షకు పంపమని అర్జీ పెట్టండి. గుర్తింపు ఉన్న ల్యాబ్ కావాలి, ఫీజు మొదట మీరే కట్టాలి. మనకు దగ్గర్లో చెన్నై పక్కన ఒరగడంలో ప్రభుత్వ ఆటోమోటివ్ పరీక్షా కేంద్రం ఉంది. నోటీసు అందాక కంపెనీ 30 రోజుల్లో, మహా అయితే మరో 15 రోజుల్లో జవాబు వేయాలి. ఈ 45 రోజులు దాటితే కమిషన్‌కు పొడిగించే అధికారం లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. వాయిదా అడిగితే మీ వకీలు ఆ తేదీ పట్టుకోవాలి.

పరీక్ష అయ్యేదాకా బండిని బయట విప్పించొద్దు. ఆటోనగర్‌లో డీపీఎఫ్ లోపలి జాలీ తీసేసి ఈసీయూ రీమ్యాప్ చేస్తామనే (అందులోని ప్రోగ్రాం మార్చేస్తామనే) వాళ్లు దొరుకుతారు. లైటు ఆరిపోతుంది, సాక్ష్యమూ పోతుంది, పైగా చట్టవిరుద్ధం.