పాత డీజిల్ కారు: పంపు విప్పే ముందు పైపు చూడండి

పాత డీజిల్ కారు చవకగా వస్తోందనీ, పొద్దున పూట స్టార్టింగ్ కష్టమని అమ్మేవాళ్లే చెబుతున్నారనీ, కొని ఇంట్లో బాగుచేసుకోవచ్చా అనీ అడిగారు.

నిక్షేపంగా చేసుకోవచ్చు. కాకపోతే అది ఏ రకం డీజిల్ ఇంజనో ముందు కనుక్కోండి. కామన్ రైల్ అయితే, అంటే ఒకే ఉమ్మడి గొట్టం నుంచి అన్ని నాజిళ్లకూ డీజిల్ అందే కొత్త రకం అయితే, ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఆ నాజిళ్లకు వెళ్లే పైపుల నట్ల జోలికి పోకండి. అక్కడ ఒత్తిడి వెయ్యి బార్‌లు దాటుతుంది, సన్నటి ధార తగిలినా చర్మం లోపలికి దిగిపోతుంది. నేను చెప్పేది అంతకుముందు తరం బండ్ల గురించి. నాది 2007 నాటి టాటా ఇండికా, 1405 సీసీ, టర్బో లేనిది. ఒకప్పుడు హైదరాబాద్ క్యాబులన్నీ ఇవే కావడంతో, ఇప్పటికీ బస్టాండు దగ్గర ఆపితే ఎవరో ఒకరు వెనక తలుపు తీసి కూర్చోబోతారు. దానికి రిపేరు లేదు.

మీరు చెప్పిన జబ్బే నా బండికీ వచ్చింది. పొద్దున సెల్ఫ్ కొడుతూనే ఉండాలి, బ్యాటరీ నీరసించే వేళకు ఇంజన్ దగ్గుతూ అందుకునేది. ఒకసారి అందుకుందంటే ఇక రోజంతా పేచీ లేదు. మా వీధి చివరి షెడ్డులో చూపిస్తే, బానెట్ పూర్తిగా ఎత్తకముందే తీర్పు వచ్చేసింది. "డీజిల్ పంపు పోయింది సార్, విప్పాల్సిందే. ఇరవై వేలు పెట్టుకోండి." పాత డీజిల్ కనబడితే చాలు, పంపు పోయిందనడం మన షెడ్లలో ఆనవాయితీ. పంపు విప్పడం పెద్ద పని, బిల్లు ఇంకా పెద్దది. పైపు మార్చితే ఏం మిగులుతుంది?

బండి ఇంటికి తెచ్చేశాను. మర్నాడు పొద్దున నాన్నగారిని సీట్లో కూర్చోబెట్టి, సెల్ఫ్ కొట్టమని చెప్పి నేను సైలెన్సర్ వెనక నిలబడ్డాను. ఈ ఒక్క పనితో సగం సంగతి తేలిపోతుంది. తెల్లటి పొగ వస్తుంటే డీజిల్ అందుతోంది గానీ మండడం లేదని అర్థం. అప్పుడు చల్లటి ఇంజన్‌ను స్టార్టింగ్ కోసం వేడెక్కించే హీటర్ ప్లగ్గులు చూడాలి. వాటి మీది తీగ తీసేసి, టెస్ట్ ల్యాంపు ఒక కొస బ్యాటరీ ప్లస్‌కు, రెండో కొస ప్లగ్గు తలకు ఆనించండి. బల్బు వెలగకపోతే ఆ ప్లగ్గు పోయినట్టే. అసలు పొగే రాకపోతే డీజిల్ అందడం లేదన్నమాట. నాకు పొగ రాలేదు. "ఇంకెంతసేపురా, బ్యాటరీ చస్తుంది" అని నాన్నగారు అరుస్తుంటే, పైపుల్లోకి డీజిల్ ఎక్కించడానికి ఫిల్టర్ మీదున్న చేతిపంపును గట్టిపడేదాకా నొక్కాను. మళ్లీ కొట్టమంటే ఒక్క తిప్పుకే అందుకుంది.

అంటే రాత్రికి రాత్రి పైపుల్లో గాలి చేరుతోంది, డీజిల్ ట్యాంకులోకి వెనక్కి జారిపోతోంది. మా ఇంటి ర్యాంపు మీద ముక్కు పైకి పెట్టి ఆపినప్పుడు జబ్బు ముదరడానికి కారణం కూడా అదే. గాలి ఎక్కడ దూరుతోందో కనిపెట్టడానికి ఫిల్టరుకూ పంపుకూ మధ్య జానెడు పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం బిగించాను. ఇంజన్ నడుస్తుంటే దాంట్లో బుడగలు వరసకట్టి పోతున్నాయి! అక్కడి నుంచి వెనక్కి వెతుక్కుంటూ పోతే, ట్యాంకు నుంచి వచ్చే ఇనుప పైపుకు తొడిగిన రబ్బరు ముక్క క్లిప్పు కింద బీటలువారి ఉంది. ఆ వైపు పంపు డీజిల్‌ను లాక్కుంటుంది కాబట్టి, ఇంజన్ నడిచేటప్పుడు చిల్లు నుంచి చుక్క కూడా బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. షెడ్డులో ఎవరికీ తడి కనబడలేదంటే వింతేమీ లేదు. కొత్త రబ్బరు పైపు, రెండు క్లిప్పులు కలిపి ఇద్దరి టిఫిను ఖర్చంత కూడా కాలేదు.

రబ్బరు ఎందుకు బీటలువారిందంటారా? 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా 10 పీపీఎం గంధకం (పది లక్షల పాళ్లలో పది) ఉన్న డీజిలే పోస్తున్నారు. అంతకుముందు అది 50 ఉండేది. పాత రబ్బరుకు ఈ డీజిల్ పడదని నా గట్టి నమ్మకం. మా బావమరిది ఒప్పుకోడు, వయసైపోయిందంటాడు. ఆయనది పెట్రోల్ కారు, ఆయనకేం తెలుస్తుంది.

అన్నట్టు, బండి చవకని మురిసిపోయే ముందు ఆర్సీ తేదీ చూడండి. పదిహేనేళ్లు నిండాక రెన్యువల్ చేయించాలి. కార్లకు ఆ ఫీజు 2022 ఏప్రిల్‌లో ఆరు వందల నుంచి ఒక్కసారిగా ఐదు వేలయింది. నా బండికి సరిగ్గా ఆ ఏడాదే గడువు తీరింది! ఇరవై వేల బిల్లు తప్పించుకోగలిగాను గానీ దీన్ని తప్పించుకునే పానా ఎక్కడా దొరకలేదు.

ఇంట్లో చేయకూడనివీ ఉన్నాయి. నా బండికి టైమింగ్ బెల్ట్ (ఇంజన్ తిరుగుడుకు తగ్గట్టు వాల్వులను కదిలించే పట్టీ) ఉంటుంది, అది తెగితే వాల్వులు వంగిపోతాయి. ఆ పని చేయి తిరిగినవాళ్లకే ఇవ్వండి. ఒట్టి జాకీని నమ్ముకుని బండి కిందకు దూరకండి, ఇటుకలు పేర్చి అసలే దూరకండి. వాడేసిన ఇంజన్ ఆయిల్‌ను కాలువలో పోయకండి. మా వీధిలో కొందరు చెట్టు మొదట్లో కూడా పోస్తారు, ఏం పోయేకాలమో!

ఇక మీరు చూసిన బండి సంగతి. బేరానికి పొద్దున్నే వెళ్లండి. వెళ్లగానే బానెట్ మీద చేయి వేసి చూడండి. వెచ్చగా తగిలితే మీరొచ్చే ముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. ధర మాట ఎత్తకుండా, రేపు ఇంకా ముందే వస్తానని చెప్పి వచ్చేయండి.