టెక్ సందేహాలు: స్పీడ్ తక్కువ ర్యామ్ పెడితే ల్యాప్‌టాప్ నెమ్మదిస్తుందా?

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో 3200 స్పీడ్ డీడీఆర్4 ర్యామ్ 8 జీబీది ఒకటే ఉంది. రెండో స్లాట్ ఖాళీ. పాత ల్యాప్‌టాప్ నుంచి తీసిన 2666 స్పీడ్ 8 జీబీ ర్యామ్ నా దగ్గరుంది. అది పెడితే ఉన్న స్పీడ్ కూడా పోతుందని స్నేహితుడు భయపెడుతున్నాడు. నిజమేనా?

జవాబు: మీ స్నేహితుడు చెప్పింది సగమే నిజం. రెండు ర్యామ్‌లు కలిస్తే రెండూ 2666లోనే నడుస్తాయి. ప్రతి ర్యామ్ మీదా దాని స్పీడ్, టైమింగ్‌ల వివరాలు రాసి ఉండే చిన్న చిప్ ఒకటి ఉంటుంది. ల్యాప్‌టాప్ ఆన్ కాగానే బయోస్ (ల్యాప్‌టాప్‌ని మొదట లేపే ప్రోగ్రామ్) ఆ రెండు జాతకాలూ చదివి, ఇద్దరూ నడవగలిగే వేగం ఖాయం చేస్తుంది. పాడయ్యేదేమీ లేదు.

ఇక రెండో సగం. ఇప్పుడు మీ ప్రాసెసర్ ఒక్క దారిలోనే ర్యామ్‌తో మాట్లాడుతోంది. 3200 స్పీడ్‌లో ఆ దారి సెకనుకు గరిష్ఠంగా 25.6 జీబీ మోస్తుంది. రెండో ర్యామ్ పెట్టగానే డ్యూయల్ ఛానల్, అంటే రెండు దారుల్లో ఒకేసారి రాకపోకలు, మొదలవుతుంది. 2666లో ఒక్కో దారి మోసేది 21.3 జీబీయే అయినా, రెండూ కలిస్తే 42.6. అంటే ‘నెమ్మదించాక’ కూడా ముందుకన్నా ఎక్కువే! విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్ అయితే ఈ తేడా గేముల్లో కళ్లకు కనిపిస్తుంది, ఎందుకంటే ఆ గ్రాఫిక్స్ వాడుకునేదీ ఈ ర్యామ్‌నే. పైగా 8 జీబీ నిండిపోయి విండోస్ మాటిమాటికీ ర్యామ్‌కన్నా నెమ్మదైన ఎస్ఎస్‌డీ (ఫైళ్లు దాచే డిస్క్) మీద పడే బాధ తగ్గుతుంది. బ్రౌజర్‌లో ముప్పై ట్యాబ్‌లు తెరిచే అలవాటుంటే (నాకుంది) ఆ సుఖమే వేరు.

స్పందించే సమయంలోనూ పెద్ద తేడా లేదు. సీఎల్ అంటే అడిగిన డేటా ఇవ్వడం మొదలుపెట్టేలోపు ర్యామ్‌కి పట్టే క్లాక్ టిక్కుల లెక్క. మామూలు 3200, సీఎల్22 ర్యామ్‌కి 13.75 నానోసెకన్లు, 2666, సీఎల్19కి 14.25.

స్పీడ్ కలవకపోతే సర్దుకుంటుంది కానీ తరం (డీడీఆర్ పక్కనుండే అంకె) కలవకపోతే సర్దుబాటు లేదు. డీడీఆర్3 ల్యాప్‌టాప్ ర్యామ్‌కి 204 పిన్నులు, డీడీఆర్4కి 260, డీడీఆర్5కి 262. పిన్నుల మధ్య ఉండే గాటు కూడా వేరేచోట ఉంటుంది. పట్టకపోతే బలవంతంగా నొక్కకండి. ఛార్జర్ తీసేసి, వీలైతే బ్యాటరీ కనెక్టర్ కూడా ఊడదీసి, ర్యామ్‌ని ఏటవాలుగా దూర్చి కిందికి నొక్కితే పక్క క్లిప్పులు టక్కుమంటాయి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర కాసేపు నల్లగానే ఉండొచ్చు, కంగారుపడి ఆపేయకండి. తర్వాత విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ ఒకసారి నడపండి. పాత ర్యామ్ కదా, దాన్ని నమ్మేముందు పరీక్షించడమే మేలు.

ప్రశ్న: నా ర్యామ్ స్పీడ్ విండోస్ టాస్క్ మేనేజర్ 2667 అంటోంది, హార్డ్‌వేర్ వివరాలు చూపే సీపీయూ-జెడ్ యాప్ 1333 అంటోంది. ఏది నమ్మాలి?

జవాబు: రెండూ నిజమే. ర్యామ్ అసలు క్లాక్ 1333 మెగాహెర్ట్జ్. డీడీఆర్ ప్రతి క్లాక్‌కీ రెండుసార్లు డేటా పంపుతుంది కాబట్టి విండోస్ ఆ రెట్టింపు లెక్క చూపిస్తోంది.