విరాళంగా వచ్చిన పాత కంప్యూటర్లు అమ్మితే తప్పా?

ఒక కంపెనీ మీ ట్రస్టుకి పాత డెస్క్‌టాప్‌లు ఇచ్చింది, వాటిలో చాలావరకు బడి పిల్లలకి పనికొచ్చేలా లేవు, అమ్మి ఆ డబ్బు వాడుకోవచ్చా అని అడిగారు. అమ్మొచ్చండి. హైదరాబాద్ ఐటీ ఆఫీసుల నుంచి కంప్యూటర్లు తెచ్చి, బాగుచేసి సర్కారు బళ్ళకి ఇచ్చే బృందంలో కొన్నేళ్ళుగా పనిచేస్తున్నాను. మేమూ కొన్ని అమ్ముతాం, కానీ ఇచ్చినవాళ్ళకి ముందే చెప్పి అమ్ముతాం. సామాను తీసుకునే రోజే కాగితం మీద రాసుకుంటాం: పనికొచ్చేవి బళ్ళకి, మిగతావి అమ్మకానికి, వచ్చిన డబ్బు బళ్ళకిచ్చే కంప్యూటర్లలో వేసే ర్యామ్‌కీ (మెమరీ), ఎస్‌ఎస్‌డీలకీ (హార్డ్ డిస్కు బదులు వేసే వేగమైన స్టోరేజీ). బడి పేరు చెప్పి తెచ్చినదాన్ని అమ్మి ఆఫీసు అద్దె కట్టుకుంటే మాత్రం అది మోసమే.

అసలు ఏది పాతదో ముందు తేల్చుకోండి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10 సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరం ప్రాసెసర్ అయినా ఉండాలి. అందుకే ఆరో తరం, ఏడో తరం ఇంటెల్ ఐ5 ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్లని ఆఫీసులు వదిలించుకుంటున్నాయి. ఎస్‌ఎస్‌డీ వేసి, విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కిస్తే వాటి మీద పిల్లలు తెలుగు టైపింగ్, లిబ్రెఆఫీస్ (ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్), స్క్రాచ్ (పిల్లల ప్రోగ్రామింగ్) హాయిగా నేర్చుకుంటారు. వాటిని అమ్మేస్తామంటే నేను ఒప్పుకోను. అంతకన్నా బాగా పాతవి, అంటే కోర్ టూ డ్యువో ప్రాసెసర్‌వి, డీడీఆర్2 రకం ర్యామ్‌వి అయితే అమ్మేయండి.

నాకు అన్నిటికన్నా ముఖ్యం, ఎవరికి అమ్ముతున్నారన్నది. తూకానికి కొనే పాత సామాన్ల వాళ్ళు ఎక్కువ రేటు ఇస్తామంటారు. చాలాచోట్ల అలా వెళ్ళిన సామాను చివరికి ఏమవుతుందంటే, రాగి కోసం వైర్లు కాలుస్తారు, బంగారం కోసం బోర్డులు యాసిడ్‌లో ముంచుతారు. ఆ పొగ పీల్చేది అక్కడ కూలికి వచ్చినవాళ్ళు, ఆ చుట్టుపక్కల ఇళ్ళలోని పిల్లలు. పిల్లల చదువు కోసం ఇచ్చిన వస్తువు ఆ దారిన పోకూడదు. రేటు తక్కువైనా రిజిస్టర్డ్ రీసైక్లర్‌కే ఇవ్వండి. జాబితా కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో దొరుకుతుంది. రసీదు కాపీ ఒకటి దాతకి పంపండి.

హార్డ్ డిస్కుల సంగతి మర్చిపోవద్దు. మామూలు ఫార్మాట్ చాలదు. మాకొచ్చిన ఒక డిస్కులో ఉద్యోగుల పాన్ కార్డుల స్కాన్లు, జీతాల పట్టికలు అలాగే ఉన్నాయి. ఎన్‌వైప్ (nwipe) అనే ప్రోగ్రామ్‌తో డిస్కు మొత్తం తుడవండి. పనిచేయని డిస్కులకి డ్రిల్లుతో బొక్కలు పెట్టాకే బయటికి పంపండి.

పేద పిల్లలకి తక్కువలో అమ్ముదామన్న ఆలోచన కూడా వస్తుంది. యూట్యూబ్ పాఠం కూడా ఆగి ఆగి నడిచే మిషన్‌ని రెండు వేలకి అంటగడితే, ఆ తల్లిదండ్రులకి అది పెద్ద దెబ్బ. తిరిగి ఎవరిని అడగాలో కూడా వాళ్ళకి తెలియదు. అలాంటివి రీసైక్లర్‌కే వెళ్ళాలి.

ఇప్పుడు మీ దగ్గరున్న వాటి గురించి కంపెనీకి ఈ వారమే మెయిల్ పెట్టండి. అమ్మొద్దంటే తిరిగి తీసుకెళ్ళమనండి. 2022 ఇ-వేస్ట్ (పారేసే ఎలక్ట్రానిక్ సామాను) నియమాల ప్రకారం పెద్ద కంపెనీలు తమ ఇ-వేస్ట్‌ని రిజిస్టరైన వాళ్ళకే అప్పగించాలి. అలా అప్పగించే ఖర్చు మీ ట్రస్టు నెత్తిన వేసుకోనక్కర్లేదు.