చదివితే వస్తది, మాట్లాడితే రాదు

ప్రశ్న: మేడం, పదో తరగతి దాకా తెలుగు మీడియంల చదివిన. ఇప్పుడు బీటెక్ మూడో సంవత్సరం. రెండు నెలల నుంచి ఫోన్ కెమెరా ముందట కూసొని రోజూ ఇంగ్లిష్ పెద్దగ చదువుతున్న. ఒక్కో పేరా నలభై సార్లు చదివిన. చదివితే మంచిగ వస్తది, ఎవరన్న ఏదన్న అడిగితే నోరు పెగలదు. ఎందుకిట్ల?
– విద్యార్థిని, మిర్యాలగూడ

జవాబు: పద్ధతి మంచిదేనమ్మా, సగంలో ఆపేస్తున్నారు. చదివేటప్పుడు తర్వాతి పదాన్ని కాగితమే అందిస్తుంది. మాట్లాడేటప్పుడు దాన్ని మీరే వెతుక్కోవాలి, పైగా క్రియను ముందే తేల్చుకోవాలి. 'నిన్న నల్లగొండ పోయి సర్టిఫికెట్ తెచ్చుకున్న' అంటే క్రియ చివరికి వస్తుంది, అప్పటిదాకా ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది. ఇంగ్లిష్‌లో 'ఐ' అన్న వెంటనే 'వెంట్' పడాలి. చాలామంది ఆగిపోయేది అక్కడే. నలభై సార్లు చదివితే పేరా కంఠస్థమవుతుంది, అందులో మీరు పలికే తప్పు కూడా దాంతోపాటే గట్టిపడుతుంది.

ఒకే ముక్కను మళ్లీ మళ్లీ చదివించే పద్ధతిని 1979లో అమెరికాలో శామ్యూల్స్ అనే పరిశోధకుడు వివరించింది తడబడుతూ చదివే పిల్లల కోసం. 50 నుంచి 200 పదాల ముక్క తీసుకుని, తడబాటు పోగానే కొత్తదానికి వెళ్లాలి. మాట్లాడటం రావాలంటే దీనికి రెండో సగం మనం కలుపుకోవాలి.

వారానికి ఒక్కటే ముక్క, 120 పదాలకు మించకుండా, ఆడియో ఉన్నది ఎంచుకోండి. మొదటి రోజు మూడుసార్లు వినండి, ఎక్కడ ఆగుతున్నారో పెన్సిల్‌తో గీత పెట్టుకోండి, తర్వాతే కెమెరా ఆన్ చేయండి. నాలుగు రోజుల పాటు రోజుకు మూడు రికార్డింగులు చాలు. ప్రతిదాన్నీ రెండుసార్లు చూడండి: ఒకసారి కళ్లు మూసుకుని, ఒకసారి సౌండ్ తీసేసి. దొరికిన తప్పుల్లో ఒక్కదాన్ని రాసుకుని, తర్వాతి రికార్డింగులో దాన్నొక్కదాన్నే సరిచేయండి. నాలుగు తప్పులు ఒకేసారి దిద్దబోతే ఒక్కటీ నిలవదు. 120 పదాలు 40 సెకన్లలో అయిపోతే పరుగెత్తుతున్నట్టే. నిమిషానికి అటూ ఇటూగా పూర్తి కావాలి.

ఐదో రోజు కాగితం పక్కన పెట్టండి. ఐదారు పదాలు మాత్రం రాసుకుని, అదే విషయాన్ని ఒక నిమిషం మీ మాటల్లో కెమెరాకు చెప్పండి. కర్త, క్రియ ఒకే ఊపిరిలో రావాలి. ఎక్కడికి, ఎప్పుడు అన్నవి వెనక చేర్చుకోవచ్చు. ఆరో రోజు 'నేను' ఉన్నచోట 'మా అన్న' పెట్టి, జరుగుతున్నదాన్ని జరిగిపోయినట్టు మార్చి చెప్పండి. ఏడో రోజు స్నేహితురాలితో మూడు ప్రశ్నలు అడిగించుకోండి. మీకు ఇంతకాలం దొరకనిది ఈ మూడు రోజుల సాధనే.

ప్రశ్న: మేడం, నా వీడియోలు నేనే చూసుకుంటే అంతా సరిగ్గానే ఉన్నట్టు అనిపిస్తుంది. పిల్లల ముందు తప్పు పలకకూడదు. దేని కోసం చూడాలి?
– ఉపాధ్యాయుడు, నాగర్‌కర్నూల్

జవాబు: మన చెవి మన తప్పుకు అలవాటు పడి ఉంటుంది. అందుకే ముందు పెదాలను చూడండి. కెమెరా వల్ల అసలు లాభం అదే, వాయిస్ రికార్డర్‌తో ఆ పని కాదు. పడమర అనే అర్థంలో 'వెస్ట్', బనియను అనే అర్థంలో 'వెస్ట్', తెలుగులో రాస్తే రెండూ ఒకటే. పడమరకు పెదాలు గుండ్రంగా ముందుకు రావాలి, పళ్లు తగలకూడదు. బనియనుకు పై పళ్లు కింది పెదాన్ని తాకాలి. సౌండ్ తీసేసినా ఈ తేడా కనిపించాలి. 'ఫ్యాన్' అన్నప్పుడు రెండు పెదాలూ మూసుకుంటే అది మన ఫ. అక్కడ కూడా పళ్లే కింది పెదాన్ని తాకాలి.

తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి బస్, బ్యాంక్, రోడ్ మన నోట బస్సు, బ్యాంకు, రోడ్డు అవుతాయి. పదం అయిపోయాక పెదాలు గుండ్రంగా మారుతుంటే ఉకారం తగిలినట్టే. మొదట్లో కూడా అంతే: 'ఎగ్' యెగ్ అవుతుంది, 'ఓల్డ్' వోల్డ్ అవుతుంది. 'ఇస్కూల్' అనేవారు ముందు స్‌స్‌స్ అని రెండు సెకన్లు సాగదీసి, ఆపకుండా 'కూల్' కలిపితే ముందున్న ఇ దానంతటదే పోతుంది.

జరిగిపోయిన కాలం చెప్పే క్రియల చివర జాగ్రత్త అవసరం. 'వాకెడ్' కాదు, 'వాక్ట్'. క, ప, స, ష, చ, ఫ ధ్వనుల తర్వాత ట్ వస్తుంది. ట్, డ్‌ల తర్వాత మాత్రమే 'వాంటిడ్' లాగా ఇంకో అక్షరం చేరుతుంది. మిగతాచోట్ల డ్.

వీటన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఊనిక. తెలుగులో అక్షరాలన్నీ దాదాపు సమానంగా పలుకుతాం, ఇంగ్లిష్‌లో ఒకటి బరువుగా, మిగతావి తేలిగ్గా పోతాయి. 'హోటల్', 'డెవలప్', 'కమిటీ' మూడింటిలోనూ బరువు రెండో అక్షరం మీద. 'ఫొటోగ్రాఫ్'లో మొదటిదాని మీద ఉన్న బరువు 'ఫొటోగ్రఫీ'లో రెండోదానికి జరుగుతుంది. అనుమానం ఉన్న పదాన్ని ఆన్‌లైన్ డిక్షనరీలో వినండి, వెంటనే మీ రికార్డింగ్ వినండి, మళ్లీ డిక్షనరీ. పక్కపక్కన పెడితేనే తేడా చెవికి అందుతుంది. వాయిస్ టైపింగ్‌ను పూర్తిగా నమ్మొద్దు, వాక్యంలో సందర్భాన్ని బట్టి ఊహించి సరైన పదాన్నే రాసేస్తుంది.

మన యాస వినిపిస్తే అది దోషం కాదు. అర్థం మారే చోట్ల, ఎదుటివారికి అర్థం కాని చోట్ల మాత్రం దిద్దుకోండి.

ప్రశ్న: పదో తరగతి చదివే మా అమ్మాయికి ఏం చదివించాలి? పేపర్‌లో సంపాదకీయాలు చదివిస్తున్నం.
– ఒక తండ్రి, గద్వాల

జవాబు: సంపాదకీయం మాట్లాడే భాష కాదు, వాక్యాలు పొడుగు. పది పన్నెండు పదాలు దాటని వాక్యాలున్న సంభాషణలు, పాఠ్యపుస్తకంలోని కథలు ఇవ్వండి. తర్వాత ఆ అమ్మాయికి తెలిసిన విషయాలు: గద్వాల చీర, పిల్లలమర్రి, నాగార్జునసాగర్. సాగర్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 26 క్రస్ట్ గేట్లున్నాయి. ఇలాంటివి చెప్పిస్తే సంవత్సరాలు, అంకెలు పలకడం కూడా వస్తుంది. 1955ను 'నైన్టీన్ ఫిఫ్టీ ఫైవ్' అని రెండు ముక్కలుగా పలికించండి.

ప్రశ్న: చదువుతూ వీడియో తీసుకుంటే ముఖం నల్లగ పడుతుంది, ఫ్యాన్ చప్పుడు, ఫోన్ నిండిపోతుంది. కళ్లు ఎప్పుడూ కిందికే ఉంటున్నయి.
– దుకాణదారు, జడ్చర్ల

జవాబు: కిటికీ మీ వెనక కాకుండా ముందు ఉండాలి. ఫోన్‌ను పుస్తకాల దొంతర మీద కంటి ఎత్తులో, చేయి చాచినంత దూరంలో పెట్టండి. రికార్డింగ్ చేసే రెండు నిమిషాలు ఫ్యాన్ ఆపండి, లేదంటే మైక్ ఉన్న ఇయర్‌ఫోన్ వాడండి. ఫోన్ కాల్ వచ్చి మధ్యలో ఆగిపోకుండా ఏరోప్లేన్ మోడ్. వీడియో నాణ్యత (రిజల్యూషన్) 720లో పెట్టి తీస్తే చాలు. వారంలో మొదటిదీ చివరిదీ ఉంచుకుని మిగతావి తీసేయండి.

కళ్ల సంగతికి, ఢాకాలో పనిచేసిన ఇంగ్లిష్ బోధకుడు మైకేల్ వెస్ట్ సూచించిన సాధన బాగా పనికొస్తుంది. కాగితం మీది నాలుగైదు పదాల ముక్కను మనసులో చదువుకోండి. తలెత్తి లెన్స్‌లోకి చూడండి. అప్పుడే పలకండి. కళ్లు కాగితం మీద ఉండగా ఒక్క మాట కూడా బయటకు రాకూడదు. మొదటి రెండు రోజులు చాలా నిదానంగా సాగుతుంది. ముక్క గుర్తుండకపోతే మూడు పదాలకు తగ్గించండి, కుదురుకున్నాక ఏడెనిమిదికి పెంచండి.