అమెరికా అధ్యక్షుల పతకాలు: ఎవరి బొమ్మ ఉందో కాదు, ఎవరు అచ్చువేశారో ముందు చూడండి

డాలస్‌లో ఒక ఇంటి పాత సామాన్ల అమ్మకంలో అమెరికా అధ్యక్షుల బొమ్మలున్న పతకాలు పెట్టెడు చూశానని, వాటితో సేకరణ మొదలుపెట్టవచ్చా, మున్ముందు ధర పెరుగుతుందా అని ఒకరు నన్ను అడిగారు. రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. చాలావరకు పెరగదు. లాభం కోసమైతే ఈ దారి వద్దు. చరిత్ర మీద, శిల్పం మీద ఇష్టం ఉంటే మాత్రం ఇంత తక్కువ ఖర్చుతో ఇంత తృప్తినిచ్చే సేకరణ మరొకటి నాకు తెలియదు. నేను ఫిలడెల్ఫియా దగ్గర ఉంటాను. ఇక్కడి పాత వస్తువుల సంతల్లో తిరుగుతూ తెలుసుకున్నదే రాస్తున్నాను.

కొత్తవాళ్లంతా వాషింగ్టన్, లింకన్, కెనెడీ అంటూ బొమ్మలను బట్టి ఏరుతారు. నన్నడిగితే బొమ్మ తరువాత సంగతి, దాన్ని ఎవరు అచ్చువేశారన్నది మొదటి ప్రశ్న. అది నాణెమా పతకమా అన్నది అంతకంటే ముందే తేల్చుకోవాలి. మన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి 125వ జయంతికి 2015లో వచ్చిన 125 రూపాయల బిళ్ల నాణెమే, ఎందుకంటే దాని మీద విలువ ఉంది. 2007 నుంచి అమెరికా టంకశాల విడుదల చేసిన బంగారు రంగు అధ్యక్షుల డాలర్లూ అంతే. వాటిలో బంగారం లేదు, అవి పతకాలూ కావు. పతకం మీద విలువ ఉండదు, దాన్ని ఇచ్చి ఏదీ కొనలేం.

అసలైన వరుస అమెరికా టంకశాలది. కంచుతో ఫిలడెల్ఫియాలో అచ్చువేసింది. మీకు ఎక్కువగా కనిపించేవి రెండు కొలతలు: 33 మిల్లీమీటర్ల చిన్నవి, 76 మిల్లీమీటర్ల పెద్దవి. చిన్నవి కొన్ని డాలర్లకే దొరుకుతాయి. నేను మాత్రం పెద్దవే కొనమంటాను. అంత వెడల్పు ఉంటేనే చెక్కినవాడి పనితనం కనిపిస్తుంది. కిటికీ పక్కన పట్టుకుని కొంచెం వంచి చూడండి. కనుబొమల కింద నీడ, కోటు మడతలు, జుట్టులో గీతలు అన్నీ లేచి వస్తాయి. చిన్నదాంట్లో అదే ముఖం చదునుగా ఉంటుంది.

ఈ వరుస మూలం అంత ముచ్చటైనది కాదు. అమెరికా ప్రభుత్వం ఆదివాసీ తెగల నాయకులకు స్నేహచిహ్నంగా వెండి పతకాలు ఇచ్చేది. ఒకవైపు అధ్యక్షుడి బొమ్మ, రెండోవైపు కలిసిన రెండు చేతులు, వాటిపైన అడ్డంగా పొగతాగే గొట్టం, గొడ్డలి, ‘శాంతి, స్నేహం’ అన్న మాటలు. 1804లో పడమటికి బయలుదేరిన అన్వేషకులు లూయిస్, క్లార్క్ అప్పటి అధ్యక్షుడు జెఫర్సన్ పతకాలను వెంట తీసుకువెళ్లారు. శాంతి అని చెక్కించిన ప్రభుత్వమే తరువాత ఆ తెగల భూములు ఎలా లాక్కుందో తెలిసినవాళ్లకు, ఆ చేతులు చూస్తే మనసులో ఏదో గుచ్చుకుంటుంది. నా దగ్గరున్న వాటిలో నేను ఎక్కువసార్లు తీసి చూసేది ఇదే.

మోసం ఎక్కువగా జరిగేదీ ఇక్కడే. జెఫర్సన్ పతకం మీద 1801 అని ఉంటుంది. అది ఆయన పదవిలోకి వచ్చిన సంవత్సరం, పతకం తయారైన సంవత్సరం కాదు. టంకశాల అదే నమూనాతో కంచు పతకాలను తరువాత ఎన్నో దశాబ్దాలు జనానికి అమ్మింది. ఒక సంతలో ఇలాంటిదాన్నే చూపించి ‘రెండు వందల ఏళ్ల నాటిది’ అని ఒకాయన భారీ ధర చెప్పాడు. నమస్కారం పెట్టి వచ్చేశాను. జెఫర్సన్ కాలపు అసలు పతకాలు వెండివి. రెండు పలుచటి రేకులను అంచు దగ్గర కలిపి చేసినవి కాబట్టి లోపల డొల్ల. మెడలో వేసుకోవడానికి పైన ఏర్పాటు కూడా ఉండేది. అవి సంతల్లో దొరికే సరుకు కాదు.

టంకశాల పతకాల్లో ఇంకో ఆనందం, చెక్కినవాళ్లను గుర్తుపట్టడం. కెనెడీ పతకానికి ముఖం గిల్‌రాయ్ రాబర్ట్స్, వెనుక వైపు ఫ్రాంక్ గాస్పారో చేశారు. 1963 నవంబరులో కెనెడీ హత్య జరిగాక, కొన్ని నెలలకే 1964లో ఆయన అర డాలరు నాణెం వచ్చింది. అంత త్వరగా రావడానికి కారణం ఈ పతకం పని అప్పటికే సిద్ధంగా ఉండటం. నాణేన్నీ పతకాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే చేతిపని అని ఎవరికైనా తెలుస్తుంది.

ఇక ప్రైవేటు కంపెనీల వెండి సెట్లు. ఫ్రాంక్లిన్ మింట్ పేరులో మింట్ (టంకశాల) అని ఉన్నా అది ప్రభుత్వానిది కాదు, 1964లో మొదలైన వ్యాపార సంస్థ. దాని పతకాల పనితనం బాగుంటుంది, కానీ చాలామంది దగ్గర ఉన్నాయి కాబట్టి మళ్లీ అమ్మితే సాధారణంగా వచ్చేది లోహం ధరే. అంచు మీద స్టెర్లింగ్ అని ఉంటే అందులో 92.5 శాతం వెండి. 26 గ్రాముల పతకం అనుకుంటే అసలు వెండి 24 గ్రాములు, అంటే ముప్పావు ట్రాయ్ ఔన్సు (వెండి, బంగారం తూచే కొలత, సుమారు 31 గ్రాములు) కంటే కాస్త ఎక్కువ. ఆ రోజు వెండి ధరతో గుణించి, అంతకు మించి అడిగితే ఆలోచించండి. అంచు మీద ఏమీ లేకపోతే వెండి పూత కావచ్చు. చేతిలో మరీ తేలిగ్గా ఉన్న అల్యూమినియం బిళ్లలు తగిలితే, అవి 1968లో షెల్ పెట్రోలు బంకులు ఒక ఆట కోసం పంచినవి కావచ్చు. పిల్లలకు ఇవ్వండి, సంతోషిస్తారు.

ప్రమాణస్వీకారం సందర్భంగా వచ్చే అధికారిక పతకాలు వేరే కథ. వాటిని ప్రమాణస్వీకార కమిటీలు తయారు చేయించుకుంటాయి. 1905లో థియొడోర్ రూజ్‌వెల్ట్ కోసం శిల్పి సెయింట్ గాడెన్స్ చేసిన పతకం అందనంత ఖరీదు, మ్యూజియంలో చూసి రావాల్సిందే. కానీ న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సెంటర్‌లో ప్రొమీథియస్ విగ్రహం చేసిన పాల్ మాన్‌షిప్, 1933లో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌కూ 1961లో కెనెడీకీ కూడా పతకాలు రూపొందించాడు. వాటిలో కెనెడీ కంచు పతకం మనలాంటివాళ్లకు అందుబాటులోనే ఉంటుంది.

ఇంటికి తెచ్చాక తోమవద్దు. మా అత్తగారు ఇండియా నుంచి వచ్చినప్పుడు, నల్లబడ్డ నా లింకన్‌ను చూసి జాలిపడి చింతపండు నానబెట్టారు. సమయానికి ఆపగలిగాను. కంచు మీది ముదురు గోధుమ రంగు మురికి కాదు, తయారీలోనే తెచ్చిన రంగు. అది పోయిందంటే పతకం విలువా పోయినట్టే. మెత్తటి పీవీసీ కవర్లలో కూడా ఉంచకండి, కొన్నేళ్లకు ఆకుపచ్చ జిగురు పడుతుంది. మైలార్ (ఒక రకం పాలిస్టర్ ప్లాస్టిక్) కవర్లు వాడండి, పట్టుకునేటప్పుడు అంచులు మాత్రమే పట్టుకోండి.

కొనే ముందు ఇంటర్నెట్‌లో అడుగుతున్న ధరలు కాక, నిజంగా అమ్ముడైన ధరలు చూడండి. వేలం సైట్లలో అమ్ముడైనవి మాత్రమే చూపించే ఎంపిక ఉంటుంది. 76 మిల్లీమీటర్ల పతకాలు బరువైనవి, ఒక్కొక్కటే తెప్పిస్తే తపాలా ఖర్చు పతకం ధరకు దగ్గరగా వస్తుంది. ఒకే అమ్మకందారు దగ్గర నాలుగైదు కలిపి తీసుకోండి.