మేనకోడలికి, పని మొదలుపెట్టే ముందు

అమ్మడూ,

బల్లపరుపు పురుగుల శుక్రకణాల మీద పరిశోధన మొదలెట్టావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమేసింది. కానీ నీ పని ల్యాబ్‌లో కాదు, విశాఖ పూర్ణామార్కెట్ దగ్గర మాంసం కొట్లో మొదలవుతుంది.

బోటి కడిగేవాళ్లకి ముందురోజే చెప్పి పెట్టుకో. పొట్ట తిరగేస్తే లోపలి గోడకి దానిమ్మ గింజల్లా పట్టుకుని ఉండేవే రూమెన్ ఫ్లూకులు, అంటే నెమరువేసే పశువుల పొట్టలో బతికే బల్లపరుపు పురుగులు. గట్టిగా పీకకు, నెమ్మదిగా వదిలించి, గోరువెచ్చని సెలైన్ పోసిన ఫ్లాస్కులో వేసుకో. ఆటోకి డబ్బులు చూసుకోకు. నేనోసారి వాటితో ఎండలో బస్సు కోసం ముప్పావుగంట నిలబడ్డాను. పురుగులు కదులుతూనే ఉన్నాయి కదా అనుకున్నా. తీరా ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఫొటోలు చూస్తే, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా అన్నీ ఉబ్బిపోయి ఉన్నాయి. మూడు నెలల పని పోయింది.

ల్యాబ్‌కి రాగానే కణాలు చెడకుండా నిలిపే చల్లటి 2.5 శాతం గ్లూటరాల్డిహైడ్‌లోనే కోసి, మిల్లీమీటరుకి మించని ముక్కలు చెయ్యి. గ్లవ్స్ మర్చిపోకు. దాన్ని కలిపే కాకోడైలేట్ బఫర్‌లో విషపు ఆర్సెనిక్ ఉంటుంది, తర్వాత వాడే ఆస్మియం ఆవిరి కళ్లకి ప్రమాదం. పురుగు ముష్కం (వృషణం) ముక్కలో తయారవుతున్న కణాలు, శుక్రాశయంలో పూర్తయినవి దొరుకుతాయి. రెండూ తీసుకో.

తయారయ్యే తీరు చూడ్డానికి ఎంత బాగుంటుందో! స్పెర్మాటిడ్ (ఇంకా పూర్తికాని శుక్రకణం) నుంచి మధ్యలో ఒక సైటోప్లాజం పాయ, అటూ ఇటూ రెండు కశాభాలు (కొరడాల్లాంటి తోకలు) పొడుచుకొస్తాయి. జడ వేసేటప్పుడు పక్క పాయలు మధ్య పాయ మీదకి వచ్చినట్టు, ఈ రెండూ తిరిగి మధ్యపాయ పక్కకి చేరతాయి. అయితే అల్లుకోవు, దానితో కలిసిపోతాయి. కేంద్రకం, మైటోకాండ్రియా అందులోకి జారతాయి. అలా సన్నటి దారం తయారవుతుంది.

అడ్డుకోతలో ఒక్కో ఆక్సోనీమ్‌కి (ఒక్కో కశాభం లోపలి నాళికల కట్ట) చుట్టూ తొమ్మిది జంట నాళికలు, మధ్యలో ఒకే ఒక్క స్తంభం కనిపిస్తాయి. మన శుక్రకణాల్లో ఆ మధ్యలో రెండు నాళికలుంటాయి.

ఇక్కడే తొందరపడకు. ఫ్లూకు కోతలో ఒక్క ఆక్సోనీమే కనిపిస్తే కణం వేరే రకమని రాసేయకు. దారం కొస దగ్గర కోత పడి ఉండొచ్చు. మైటోకాండ్రియా కనిపించకపోయినా అంతే, ఇంకో చోట కోసి చూడు. అదే గొర్రె పేగులోని బద్దెపురుగైతే ఒక్క ఆక్సోనీమే ఉంటుంది, పూర్తయిన కణంలో మైటోకాండ్రియా అసలుండదు. అందుకే కోతలు పెట్టే ప్రతి గ్రిడ్ (చిన్న లోహపు జల్లెడ) డబ్బా మీదా ఏ పురుగు, ఏ భాగమో అప్పటికప్పుడే రాసుకో.

ఆదివారం ఉదయం ఆరింటికి మార్కెట్ దగ్గరికి రా. నేనూ వస్తాను. బోటి కడిగే అతను నాకు తెలుసు.

మీ మామయ్య